పిల్లికి యూరిన్ సమస్య తిరగబెడుతుంటే ఏం చేయాలి

పిల్లి లిట్టర్ ట్రేలోకి వెళ్తుంది, కూర్చుంటుంది, ముక్కుతుంది, లేచి వచ్చేస్తుంది. ఐదు నిమిషాలకు మళ్ళీ అదే వరస. చూస్తే రెండు చుక్కలు. కొన్నాళ్ళకు ట్రే వదిలేసి బాత్‌రూమ్ మూలలో, సింకులో, ఉతికి మడతపెట్టిన బట్టల మీద పోయడం మొదలుపెడుతుంది. తెల్ల టైల్స్ మీద గులాబీ రంగు మరక కనిపించేసరికి మనకు కంగారు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇన్ఫెక్షన్ అంటారు, యాంటీబయాటిక్ రాస్తారు, వారంలో తగ్గుతుంది. రెండు నెలలు గడవకముందే మళ్ళీ మొదలు.

ఇలా రెండోసారో మూడోసారో తిరుగుతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. పదేళ్ళు దాటని పిల్లుల్లో ఈ లక్షణాలకు బ్యాక్టీరియా కారణం కావడం చాలా అరుదు. సగానికి పైగా కేసుల్లో ఉండేది మూత్రాశయం గోడల వాపు. ఎన్ని టెస్టులు చేసినా దానికి ఫలానా కారణం అంటూ దొరకదు. వైద్యులు దీన్నే ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు. ఈ వాపు ఏ మందూ వేయకపోయినా సాధారణంగా వారం లోపల దానంతటదే తగ్గుతుంది. యాంటీబయాటిక్ కోర్సు కూడా ఇంచుమించు అన్ని రోజులే కాబట్టి పేరు మందుకు వస్తుంది. వాపును రేపే టెన్షన్ మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది.

ముందు తేల్చుకోవాల్సింది: మూత్రం వస్తోందా, లేదా

మీది మగపిల్లి అయితే మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు వెళ్ళి ట్రే చూడండి. మగపిల్లి మూత్రనాళం చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. క్రిస్టల్స్, జిగురు కలిసి గడ్డకట్టి అక్కడ ఇరుక్కుంటే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు కిడ్నీల మీద ఒత్తిడి పడుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. అడ్డం తీయకపోతే రెండు మూడు రోజుల్లో పిల్లి చనిపోతుంది. ఆడపిల్లి మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కనుక దానికి ఈ ప్రమాదం తక్కువ.

మాటిమాటికీ కూర్చుంటున్నా చుక్క రాకపోవడం, అరవడం, అదే చోట అదేపనిగా నాక్కోవడం, తిండి మానేయడం, వాంతులు, మూలన ముడుచుకుని పడుకోవడం... వీటిలో మొదటిది ఒక్కటి కనిపించినా చాలు, మిగతావి వచ్చేదాకా ఆగకండి. వాంతులు మొదలయ్యాయంటే విషం ఒంట్లోకి ఎక్కడం మొదలైందని అర్థం. పొట్ట కింది భాగం మెల్లగా తడిమితే గట్టిగా, నిమ్మకాయంతో అంతకన్నా పెద్దదో ఒక ఉండ తగలొచ్చు. అది నిండిపోయిన మూత్రాశయం. పిసికి బయటికి తెప్పిద్దామని చూడొద్దు, లోపల పగిలే ప్రమాదం ఉంది.

మన ఇళ్ళలో ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. పిల్లి ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని ఆముదం పట్టిస్తారు, నెయ్యి నాకిస్తారు, పాలు పోస్తారు. ఆ పూట కాస్తా అలా గడిచిపోతుంది. ముక్కుతున్నది దేనికో తెలియకపోతే ముందు మూత్రం ఆగిందనే అనుకుని బయల్దేరండి. తీరా చూస్తే మలబద్ధకమే అయినా పోయేదేమీ లేదు.

ప్రతి క్లినిక్‌లోనూ పిల్లుల మూత్రనాళంలోకి వేసే సన్న గొట్టాలు, అంటే క్యాథెటర్లు ఉండవు, రాత్రిపూట ఉంచుకునే వీలూ ఉండదు. కాబట్టి ఫోన్‌లో అడగాల్సింది సూటిగా అడగండి: "మగపిల్లికి యూరిన్ బ్లాక్ అయినట్టుంది. మత్తిచ్చి క్యాథెటర్ వేయగలరా? రాత్రికి అడ్మిట్ చేసుకుంటారా?" కుదరదంటే వెంటనే తర్వాతి నంబర్‌కు చేయండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు సొంత ఆసుపత్రులున్నాయి, పగటిపూట అయితే వాటినీ లెక్కలో ఉంచుకోవచ్చు. ఒకసారి బ్లాక్ అయిన పిల్లి ఇంట్లో ఉంటే, రాత్రి కూడా తెరిచి ఉండే రెండు క్లినిక్‌ల నంబర్లు ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోండి.

ఆసుపత్రిలో మత్తిచ్చి అడ్డం తీస్తారు, సెలైన్ ఎక్కిస్తారు, రక్తంలో పొటాషియం చూస్తారు. క్యాథెటర్‌ను సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు ఉంచుతారు. ఇంటికొచ్చాక మొదటి వారం రోజులే మళ్ళీ అడ్డం పడే అవకాశం ఎక్కువ. ఆ వారం పిల్లిని ఒక గదిలో పెట్టి, ట్రే ప్రతి పూటా చూస్తుండండి.

ఏ రకమో తెలుసుకోవడం

మూత్రం వస్తోంది కానీ ఇబ్బంది తిరగబెడుతోంది అనుకుందాం. కారణం నాలుగింట్లో ఒకటయ్యే అవకాశం ఎక్కువ: కారణం దొరకని వాపు, స్ట్రువైట్ రాళ్ళు, కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు, నిజంగానే ఇన్ఫెక్షన్. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, చికిత్స మాత్రం దేనికది వేరు. అందుకే రెండోసారి వచ్చినప్పుడైనా మూత్ర పరీక్ష, ఒక ఎక్స్‌రే లేదా అల్ట్రాసౌండ్ చేయించకుండా మందు తీసుకోకండి. ఈ రెండు రకాల రాళ్ళూ ఎక్స్‌రేలో కనిపిస్తాయి.

మూత్రం ఇంట్లో పట్టడం అనుకున్నంత కష్టం కాదు. ట్రే కడిగి ఆరబెట్టి, లిట్టర్ బదులు అక్వేరియంలో వేసే గులకరాళ్ళు బాగా కడిగి పరవండి. కొన్ని పిల్లులు ఖాళీ ట్రేలోనూ పోస్తాయి. ట్రేని ఒక పక్కకు వంచి, సూది తీసేసిన 5 మి.లీ. సిరంజితో లాగండి. గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి. ఫ్రిజ్‌లో పెట్టిన మూత్రంలో చల్లదనానికే కొత్తగా క్రిస్టల్స్ కడతాయి, రిపోర్ట్‌లో అవి జబ్బులా కనిపిస్తాయి. తప్పక ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే ఆ సంగతి ల్యాబ్ వాళ్ళకు చెప్పండి.

మూత్రంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షకు మాత్రం ఈ శాంపిల్ పనికిరాదు. ట్రేలోని క్రిములే పెరిగి ఇన్ఫెక్షన్ ఉన్నట్టు చూపిస్తాయి. డాక్టర్ పొట్ట మీదనుంచి సన్న సూదితో మూత్రాశయంలోంచి నేరుగా తీయాలి. వినడానికి భయంగా ఉంటుంది గానీ చాలా పిల్లులు దానికి కదలను కూడా కదలవు.

రిపోర్ట్‌లో మీరు చూడాల్సిన అంకె స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే మూత్రం చిక్కదనం. పిల్లులకు ఎడారి జంతువుల వారసత్వం ఉంది, 1.060 దాటినా ఆశ్చర్యం లేదు. సమస్య తిరగబెట్టే పిల్లికి దీన్ని 1.035 కన్నా కిందికి, ఆక్సలేట్ రాళ్ళున్న పిల్లికి 1.030 కన్నా కిందికి తేవడం లక్ష్యం. ఇంకో మాట: రిపోర్ట్‌లో "క్రిస్టల్స్ ఉన్నాయి" అని ఉన్నంత మాత్రాన అదే జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల మూత్రంలోనూ కొన్ని క్రిస్టల్స్ కనిపిస్తాయి.

మన మందుల డబ్బా జోలికి పోవద్దు

నొప్పి చూడలేక డోలో, క్రోసిన్ ముక్క చేసి వేసేవాళ్ళున్నారు. పారాసెటమాల్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ పిల్లి లివర్‌లో దాదాపు లేదు. ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. ఐబుప్రోఫెన్ కూడా విషమే. నొప్పి తగ్గించడం ఈ జబ్బులో చాలా ముఖ్యం, కానీ ఆ మందు డాక్టరే ఇవ్వాలి. బుప్రినార్ఫిన్, గాబాపెంటిన్ లాంటివి వాడతారు. కిడ్నీలు బాగుండి, ఒంట్లో నీరు తగ్గలేదని తేలాకే మెలాక్సికామ్. డాక్టర్ యాంటీబయాటిక్ మాత్రమే రాసి నొప్పికి ఏమీ రాయకపోతే "నొప్పికి ఏమిస్తారు?" అని మీరే అడగండి.

మనుషులకు మూత్రంలో మంటకిచ్చే సిట్రాల్కా లాంటి సిరప్‌లు ఇంకో ఉచ్చు. అవి మూత్రాన్ని క్షారంగా మారుస్తాయి. స్ట్రువైట్ కట్టేది సరిగ్గా క్షార మూత్రంలోనే. అంటే ఆ రాయి ఉన్న పిల్లికి మంట తగ్గిద్దామని రాయిని పెంచుతారన్నమాట. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, బ్లాక్ అయిన పిల్లికి అది పట్టించడం నిప్పుతో చెలగాటం. బార్లీ నీళ్ళు, క్రాన్‌బెర్రీ పొడి పిల్లికి పనిచేస్తాయనడానికి ఆధారం లేదు. ఈ వాపుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల కూడా లాభం కనపడలేదు.

నిజంగా ఇన్ఫెక్షన్ ఉందని కల్చర్‌లో తేలితే యాంటీబయాటిక్ తప్పదు. ఎప్పుడో ఒకసారి వచ్చే మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు 3 నుంచి 5 రోజుల కోర్సు చాలని 2019 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏ మందో కల్చర్ రిపోర్టే చెబుతుంది.

నీళ్ళు

కారణం ఏదైనా ఈ పని మాత్రం తప్పదు. నన్ను అడిగితే మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

లెక్క చూడండి. పిల్లికి రోజుకు కిలో బరువుకు సుమారు 50 మి.లీ. నీరు కావాలి, తిండిలో ఉండేదీ కలుపుకుని. 4 కిలోల పిల్లికి 200 మి.లీ. డ్రై ఫుడ్‌లో నీరు నూటికి పది వంతులు కూడా ఉండదు. 60 గ్రాములు తింటే లోపలికి వెళ్ళేది ఒక చెంచాడు నీళ్ళు. మిగతాదంతా తాగి పూడ్చుకోవాలి, పిల్లి అంత తాగదు. అదే 85 గ్రాముల వెట్ ఫుడ్ పౌచ్‌లో దాదాపు 65 మి.లీ. నీరుంటుంది. మూడు పౌచ్‌లు తింటే లెక్క దాదాపు సరిపోతుంది.

అన్నీ పౌచ్‌లే పెట్టాలంటే నెల ఖర్చు భారమే. రోజులో ఒక పూటైనా వెట్ ఫుడ్ పెట్టి, దానిలో రెండు మూడు చెంచాల గోరువెచ్చటి నీళ్ళు కలపండి. మొదటి రోజే సాంబారులా చేస్తే మూతి తిప్పుకుంటుంది. ఒక చెంచాతో మొదలుపెట్టి వారంలో పెంచండి. చికెన్ ఉడికించిన నీళ్ళు చాలా పిల్లులకు ఇష్టం. ఉప్పు, పసుపు, మసాలా ఏవీ వేయొద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. మన ఎండల్లో తడి తిండి త్వరగా పాడవుతుంది, తినగా మిగిలింది అరగంటలో తీసేయండి.

నీళ్ళ గిన్నె వెడల్పుగా ఉండాలి, మీసాలు అంచుకు తగలకూడదు. స్టీలో గాజో పింగాణీయో మంచిది. అన్నం గిన్నె పక్కన ఒకటే పెట్టకుండా ఇంట్లో మూడు నాలుగు చోట్ల పెట్టండి, ట్రేకి మాత్రం దూరంగా. కుళాయి కింద మూతి పెట్టే పిల్లి అయితే చిన్న ఫౌంటెన్ కొనడం దండగ కాదు. బోరు నీళ్ళ వల్లే రాళ్ళు వచ్చాయా అని చాలామంది అడుగుతారు. ఏ నీళ్ళు అన్నదాని కన్నా ఎన్ని నీళ్ళు అన్నదే ముఖ్యం.

పాలను నీళ్ళ కింద జమ కట్టకండి, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి అవి అరగవు.

తిండి: రాయిని బట్టి

స్ట్రువైట్ అయితే శుభవార్తే, ఆపరేషన్ లేకుండా కరుగుతుంది. మూత్రాన్ని కాస్త ఆమ్లంగా ఉంచి, మెగ్నీషియం, ఫాస్ఫరస్ తక్కువగా ఉండేలా తయారు చేసిన వైద్య ఆహారం వాడాలి. మన దగ్గర రాయల్ కెనిన్ యూరినరీ ఎస్/ఓ, హిల్స్ సి/డి, ఫార్మినా వెట్ లైఫ్ స్ట్రువైట్ దొరుకుతాయి. చాలా రాళ్ళు కొద్ది వారాల్లోనే కరుగుతాయి, రెండు నుంచి నాలుగు వారాలకు ఎక్స్‌రే తీసి చూస్తారు. షరతు ఒక్కటే: ఆ రోజుల్లో నోట్లోకి ఇంకేమీ పోకూడదు. మధ్యాహ్నం అత్తయ్య వేసే చేప ముల్లు, పిల్లలు దొంగచాటుగా పెట్టే బిస్కెట్, పక్కింటివాళ్ళ ఎండు నెత్తళ్ళు... వీటిలో ఏది పడినా లెక్క తప్పుతుంది. ఇంట్లో అందరికీ ముందే చెప్పండి, అవసరమైతే పక్కింటికి కూడా.

ఈ ఆహారానికి తోడు మూత్రాన్ని ఆమ్లం చేసే మాత్రలు వేయొద్దు. రెండూ కలిస్తే ఇంకో రకం రాయికి దారి తీయొచ్చు. అమెరికాలో 1980ల తర్వాత జరిగింది కూడా ఇలాంటిదే. స్ట్రువైట్ రాకుండా మెగ్నీషియం తగ్గించి, ఆమ్లత పెంచిన ఆహారాలు వ్యాపించాక స్ట్రువైట్ తగ్గి ఆక్సలేట్ పెరిగింది. 1981లో మొదలైన మిన్నెసోటా యూరోలిత్ సెంటర్ వాళ్ళు వచ్చిన రాళ్ళన్నీ పరీక్షించి లెక్క పెడుతుండటం వల్ల ఇది బయటపడింది.

ఆక్సలేట్ రాయి కరగదు. ఆపరేషన్ చేసి తీయాలి, తీసిన రాయిని పారేయకుండా పరీక్షకు పంపమని అడగాలి. ఆ తర్వాత జీవితాంతం నీళ్ళే మందు.

పెరుగన్నం తినే పిల్లుల సంగతి కూడా చెప్పాలి. మాంసం తింటే పిల్లి మూత్రం సహజంగానే ఆమ్లంగా ఉంటుంది. అన్నం, రొట్టెల మీద బతికే పిల్లి మూత్రం క్షారం వైపు జరుగుతుంది. ముద్దుగా నాకుతుంటే పెట్టడం వేరు, రోజూ అదే భోజనం కావడం వేరు. తిండి ఏదైనా ఒక్కరోజులో మార్చొద్దు. వారం, పది రోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది పెంచండి. రెండు రోజులు పస్తుంటే పిల్లి లివర్ దెబ్బతినొచ్చు, ముఖ్యంగా లావుగా ఉంటే.

ట్రే

సూత్రం సులువు: ఎన్ని పిల్లులో అన్ని ట్రేలు, పైన ఇంకొకటి. పెట్ షాపుల్లో అమ్మేవి చాలావరకు చిన్నవి. ట్రే పొడవు పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లుండాలి. ప్లాస్టిక్ సామాన్ల కొట్లో దొరికే పెద్ద టబ్ చవక, మెరుగు కూడా. మూత ఉన్న ట్రే, సెంటు వాసన లిట్టర్ మనకు నచ్చుతాయి, పిల్లికి కాదు. వాషింగ్ మెషిన్ పక్కన పెట్టొద్దు. అది తిరగడం మొదలవగానే లోపలున్న పిల్లి బెదిరి, మళ్ళీ ఆ ట్రే మొహం చూడదు.

రోజుకు రెండుసార్లు ఎత్తేయండి. ఎత్తేటప్పుడు మూత్రం తడికి లిట్టర్ కట్టిన ఉండలు లెక్కపెట్టండి. సాధారణంగా రోజుకు రెండు నుంచి నాలుగు మంచి సైజు ఉండలు ఉంటాయి. నీళ్ళు పెంచాక ఉండలు పెద్దవైతే మీ ప్రయత్నం ఫలిస్తున్నట్టు. ఉన్నట్టుండి చిన్న చిన్న ఉండలు ఏడెనిమిది కనిపిస్తే మళ్ళీ మొదలైనట్టు, పిల్లి ఇంకా ఏ లక్షణమూ చూపకపోయినా సరే. క్యాలెండర్ మీద రాసి పెట్టుకుంటే డాక్టర్‌కు మీ మాటల కన్నా అది ఎక్కువ చెబుతుంది.

బయట పోసినందుకు కొట్టడం, ముక్కు రాయడం వద్దు. ట్రేలో కూర్చున్నప్పుడల్లా నొప్పి పుట్టింది కాబట్టి అది ట్రేనే అనుమానిస్తోంది. ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి. ఫినాయిల్ వాడొద్దు, అది పాదాలకంటి నాక్కుంటే పిల్లికి హానికరం.

ఇంటి వాతావరణం

"టెన్షన్ వల్ల" అంటే నవ్వే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ కారణం దొరకని వాపులో అన్నిటికన్నా గట్టి ఆధారం దీనికే ఉంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ బృందం 2006లో ఈ జబ్బున్న 46 పెంపుడు పిల్లుల ఇళ్ళలో చేసిన మార్పుల ఫలితాలు ప్రచురించింది. దాక్కునే చోటు, ఎక్కే చోటు, ఆట, ట్రేల అమరిక లాంటివి మార్చి 10 నెలలు గమనిస్తే లక్షణాలు బాగా తగ్గాయి. వాళ్ళ తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది: తిండి వేళలు, మనుషులు మారి రోజువారీ వరస తప్పితే ఆరోగ్యంగా ఉన్న పిల్లులు కూడా ట్రే బయట పోయడం, వాంతులు చేసుకోవడం మొదలుపెట్టాయి.

మన ఇళ్ళలో వరస తప్పే సందర్భాలు ముందే తెలుస్తాయి. దీపావళి టపాసులు, సంక్రాంతికి చుట్టాలు, సున్నాలు వేయించడం, ఇల్లు మారడం, కొత్త పిల్లిని తేవడం. ఇలాంటి రోజులకు ముందు నుంచే ఒక గది సిద్ధం చేయండి: ట్రే, నీళ్ళు, పక్కకు తిప్పిన అట్టపెట్టె, వాసన పట్టిన పాత దుప్పటి. చుట్టాల పిల్లలకు ఆ గది తలుపు తీయొద్దని చెప్పండి. పిల్లికి ఎత్తు ధైర్యాన్నిస్తుంది. బీరువా మీదో సజ్జ మీదో ఒక మూల ఖాళీ చేసి, ఎక్కడానికి మధ్యలో ఒక స్టూల్ వేస్తే చాలు. రోజూ రెండు పూటలా పదేసి నిమిషాలు తాడుతో ఆడించి, ఆట అయ్యాక తిండి పెట్టండి.

రెండు పిల్లులుంటే గొడవ అరుపుల్లోనే ఉండదు. ఒకటి గుమ్మంలో అడ్డంగా కూర్చుని రెప్పవేయకుండా చూస్తుంటే, రెండోది ట్రే దాకా వెళ్ళలేక ఆపుకుంటుంది. మనకు మాత్రం రెండూ బుద్ధిగా ఉన్నట్టు అనిపిస్తుంది. ట్రేలు, గిన్నెలు ఒకే గదిలో వరసగా పెడితే ఆ కాపలా ఇంకా సులువవుతుంది, విడివిడి గదుల్లో పెట్టండి. పిల్లిని శాంతపరిచే వాసన గాలిలోకి వదిలే ఫెలివే లాంటి ఫెరోమోన్ డిఫ్యూజర్ల ఫలితాలు అటూఇటూగా ఉన్నాయి. డబ్బుంటే ప్రయత్నించండి, మిగతావి మానేసి మాత్రం కాదు.

అయినా తగ్గకపోతే

ఇవన్నీ రెండు మూడు నెలలు నికరంగా చేశాక కూడా తిరగబెడుతుంటే అమిట్రిప్టిలిన్ లాంటి దీర్ఘకాలపు మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడండి. వీటిని మధ్యలో ఠక్కున ఆపకూడదు. మళ్ళీ మళ్ళీ బ్లాక్ అయ్యే మగపిల్లికి సన్నటి భాగం తీసేసి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది, పెరీనియల్ యూరెత్రోస్టమీ అంటారు. అడ్డం పడే ప్రమాదం బాగా తగ్గుతుంది, కానీ వాపు, రాళ్ళు దానితో పోవు, ఇన్ఫెక్షన్ల బెడద కొంత పెరుగుతుంది కూడా. కాబట్టి నీళ్ళు, ట్రే పనులు ఆపరేషన్ తర్వాతా నడవాల్సిందే.

పిల్లికి పదేళ్ళు దాటాక లెక్క తిరగబడుతుంది. ఆ వయసులో నిజమైన ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి, వాటి వెనక కిడ్నీ జబ్బు, షుగర్, థైరాయిడ్ ఉండొచ్చు. ముసలి పిల్లి ఎక్కువ తాగుతూ ఎక్కువ పోస్తుంటే నీళ్ళు బాగా తాగుతోందని సంతోషించకండి. కల్చర్‌తో పాటు క్రియాటినిన్, షుగర్, థైరాయిడ్ రక్త పరీక్షలూ చేయించండి.